అరవై వేలకి సంతకం పెట్టేయనా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నాకు ఇరవై ఏడేళ్ళు. తెనాలిలో ఉంటాను. పగలు ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ళ పని, సాయంత్రమైతే రిహార్సల్స్. ఆరేళ్ళుగా నాటక పరిషత్తుల్లో ఆడుతున్నాను, మూడు నాటికలు రాశాను. ఆఖరిదాంట్లో పొగాకు గోదాం వాచ్‌మన్ వేషం నేనే రాసుకుని నేనే వేశాను. అది చూసి హైదరాబాదు నుంచి వెబ్ సిరీస్ వాళ్ళు వచ్చారు. కథ, మాటలు, హక్కులు అన్నీ కలిపి అరవై వేలు ఒకేసారి ఇస్తామంటున్నారు. వాచ్‌మన్ వేషానికి మాత్రం పేరున్న నటుణ్ణి పెడతారట. ఆ తర్వాత రెండు కొరియా సీరియళ్ళని మన వాతావరణంలోకి మార్చి రాయాలట. పేరు వేయడం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఇంట్లో అక్క పెళ్ళి ఉంది, డబ్బుకి ఇబ్బందిగానే ఉంది. మా దర్శకుడు గారేమో ‘రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, నటుడివో రచయితవో తేల్చుకో’ అంటున్నారు. ఆ మధ్య మీరు ఒక ఐర్లండ్ ఆయన గురించి చెబుతూ, నాటకాలు రాసి తనే వేషాలు వేశాడని, రచయితకి వాటా అడగడం ఆయన్ని చూసి నేర్చుకోవాలని రాశారు. ఎవరాయన? నా స్థితిలో ఉంటే ఏం చేసేవాడు? – ఆర్., తెనాలి

జవాబు:

నాయనా, ముందు నీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. ఇరవై ఏళ్ళ వయసులో ఆయనైతే అరవై వేలూ తీసుకుని సంతకం పెట్టేసేవాడు. నలభై ఏళ్ళ వయసులో అయితే ఆ కాగితం చింపేసి, తన కాగితం తను రాసిచ్చేవాడు. మధ్యలో ఇరవై ఏళ్ళు ఏం జరిగిందో తెలిస్తే నీకు పనికొస్తుంది.

ఆయన పేరు డయోన్ బూసికో. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివర రెండు అక్షరాలు ఎక్కువే ఉంటాయి గానీ పలకరు. 1820లో డబ్లిన్‌లో పుట్టాడంటారు, 1822 అనే లెక్క కూడా ఉంది. తల్లి భర్త పేరు బూర్సికో. కుర్రాడి అసలు తండ్రి మాత్రం డయొనీసియస్ లార్డ్‌నర్ అనే పండితుడని ఊరంతా గుసగుసలు. కుర్రాడికి పెట్టిన పేరు ఆయనదే, చదువు చెప్పించిందీ ఆయనే. ఇంతకన్నా ఆ విషయంలోకి మనం వెళ్ళక్కర్లేదు.

ఇంజనీరింగ్ నేర్చుకోమని ఇంట్లో వాళ్ళు పంపితే, లీ మోర్టన్ అనే దొంగ పేరుతో ఊరూరా తిరిగి వేషాలు వేశాడు. మొదటి నుంచీ ఆయన నటుడు. తర్వాత కలం పట్టినా మళ్ళీ వేషాల్లోకే వచ్చాడు. 1841 మార్చిలో లండన్ కావెంట్ గార్డెన్‌లో ఆయన రాసిన ‘లండన్ అష్యూరెన్స్’ పడింది. అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. పట్నపు మర్యాదస్తుల మీద హాస్యం అది. బ్రహ్మాండంగా ఆడింది. ఇప్పటికీ ఆడుతున్నారు, 2010లో లండన్ నేషనల్ థియేటర్‌లో సైమన్ రస్సెల్ బీల్, ఫియోనా షా ఆడారు.

దానికి ఆయన చేతికొచ్చింది 300 పౌండ్లు. ఒకేసారి, మొత్తానికి. అప్పట్లో పేరున్న రచయితలకి 500 వరకూ ఇచ్చేవాళ్ళు, కొత్తవాడు కదా అని ఇతనికి తగ్గించారు. నాటకం వంద రాత్రులు ఆడినా, దేశమంతా తిరిగినా, రచయితకి మళ్ళీ ఒక్క పైసా రాదు. మూడేళ్ళ తర్వాత ఇంకో నాటకం తీసుకుని ఒక మేనేజరు దగ్గరకి వెళ్ళాడు. ఆయన వంద పౌండ్లు ఇస్తానన్నాడు. ఇదేం బేరమని అడిగితే ఆ మేనేజరు చెప్పింది, బూసికో తర్వాత ఒక వ్యాసంలో రాసుకున్నాడు. దాని సారం ఇది: పారిస్ వెళ్ళి అక్కడ ఆడుతున్న మంచి నాటకం ఒకటి చూస్తాను. జనం నవ్వారో లేదో కళ్ళారా చూశాక, ఇక్కడికొచ్చి తర్జుమా చేయించుకుంటే పాతిక పౌండ్లు. నీ నాటకం ఆడుతుందో లేదో తెలియకుండా మూడొందలు ఎందుకివ్వాలి?

నీ కొరియా సీరియళ్ళ బేరం కూడా ఇదే. మేనేజర్ల లెక్క నూట ఎనభై ఏళ్ళుగా మారలేదు. దీన్ని చెడ్డ బుద్ధి అని కూడా అననక్కర్లేదు, వాళ్ళ వైపు నుంచి చూస్తే అది వ్యాపారం. మన వైపు నుంచి మనం చూసుకోవాలి, అంతే. ఆ మాట విని బూసికో ఏం చేశాడంటే, సరే, తర్జుమాలే కావాలంటే తర్జుమాలే అని ఫ్రెంచి నాటకాలు గంపలకొద్దీ ఇంగ్లీషులోకి మార్చాడు. అయినా 1848లో దివాలా తీశాడు. ఇదొకటి గుర్తుపెట్టుకో.

ఇప్పుడు మీ దర్శకుడు గారి రెండు పడవల సంగతి. ఆయన మీద గౌరవం ఉంచే చెబుతున్నాను, ఈ విషయంలో ఆయన పొరబడ్డారు. బూసికో రాసిన వాటిలో 1874లో న్యూయార్క్ వాలక్స్ థియేటర్‌లో పడిన ‘షాక్రాన్’ అనే నాటకం ఉంది. ఐరిష్‌లో ఆ మాటకి దేశదిమ్మరి అని అర్థం. కాన్ అనే ఆ దిమ్మరి వేషం ఆయనే వేశాడు, వయసు యాభై దాటాక! అందులో ఒక రంగం ఉంది. కాన్‌ని కాల్చేశారు, చచ్చిపోయాడని ఊరంతా అనుకుంటోంది. వాళ్ళ ఆచారం ప్రకారం శవాన్ని నడిమింట్లో పడుకోబెట్టి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని రాగాలు తీసి ఏడుస్తుంటారు, వచ్చినవాళ్ళకి తాగడానికి పోస్తుంటారు. కాన్ చావలేదు. కళ్ళు మూసుకుని తనని పొగుడుతూ ఏడుస్తున్న ఏడుపులన్నీ వింటుంటాడు. ఎవరూ చూడనప్పుడు పక్కనున్న చెంబు మీదకి చెయ్యి మెల్లగా వెళుతుంది. ఒక గుక్క. మళ్ళీ శవం.

కాసేపు ఆలోచించు. కూర్చుని రాసే రచయితకి ఏం తడుతుంది? ఏడుస్తున్న ఆడవాళ్ళ డైలాగులు తడతాయి. ఆ చెయ్యి తట్టదు. స్టేజి మీద పడుకుని, మాట లేకుండా, ముఖం కదపకుండా హాలు మొత్తాన్ని తన వైపు ఎలా తిప్పుకోవాలో ఒళ్ళు తెలిసినవాడికే అది తడుతుంది. నీ వాచ్‌మన్ వేషం నేను చూడలేదు. కానీ దాంట్లో నువ్వు కాగితం మీద రాయనిదేదో, రిహార్సల్లో నీ చేతికో మెడకో దొరికిందేదో తప్పకుండా ఉంటుంది. ఆ హైదరాబాదు వాళ్ళు చూసి పడిపోయింది దాన్నే. పరిషత్తు వాళ్ళు ఉత్తమ రచనకి ఒక షీల్డు, ఉత్తమ నటుడికి ఒక షీల్డు ఇస్తారు కాబట్టి ఇవి రెండు పనులనుకుంటున్నాం. బూసికోకి అది ఒకే పని.

ఆయన మంచి నాటకాలన్నీ ఇలాగే తనకి తను కుట్టుకున్న చొక్కాలు. 1860 మార్చిలో న్యూయార్క్‌లో లారా కీన్ థియేటర్లో పడ్డ ‘కొలీన్ బాన్’ చూడు. కథ ఆయనది కాదు. ఐర్లండ్‌లో 1819లో నిజంగా జరిగిన హత్య అది. పెళ్ళిచేసుకున్న పల్లెటూరి పిల్లని వదిలించుకోవడానికి ఒక గొప్పింటి కుర్రాడు తన మనిషి చేత నదిలో చంపించాడు. దాన్ని జెరాల్డ్ గ్రిఫిన్ అనే ఆయన 1829లో నవల చేశాడు. ఆ నవలని బూసికో నాటకం చేశాడు. చేతిలో పూర్తి నాటకం లేకముందే కిల్లార్నీ సరస్సుల బొమ్మలు థియేటర్‌కి పంపి, పెయింటర్‌ని తెరలు మొదలుపెట్టేయమన్నాడు. అట్లాంటి మనిషి.

మరి ఆయన కలిపిందేమిటి? మైల్స్ అనే దొంగసారా కాచేవాడు. నవలలో ఆ పేరుతో ఒక చిన్న పాత్ర ఉంది గానీ, ఈ మైల్స్ వేరు. నోరు తీపి, చేతులు చురుకు, ఆ పిల్లని ప్రేమించి దక్కించుకోలేనివాడు. ఆ వేషం బూసికోదే. పిల్ల వేషం ఆయన భార్య యాగ్నెస్ రాబర్ట్‌సన్‌ది. స్టేజి మీద గుహ, నీళ్ళు. నీళ్ళంటే నీలం రంగు పల్చటి గుడ్డలు, కింద నుంచీ పక్క నుంచీ వాటిని ఊపే కుర్రాళ్ళు. ఆ గొప్పింటి కుర్రాడి మనిషి పిల్లని నీళ్ళలోకి తోసేస్తాడు. నీటిపిల్లి అనుకుని మైల్స్ కాల్చిన తుపాకీ గుండు అతనికి తగులుతుంది. మైల్స్ తాడు పట్టుకుని ఊగి గుహలోకి దిగుతాడు, నీళ్ళలో తెల్లగా ఏదో కనిపిస్తుంది, తలకిందులుగా దూకుతాడు, పిల్లని పైకి తెస్తాడు. అసలు కథలో ఆ అమ్మాయి చనిపోయింది. నవలలోనూ చనిపోయింది. ఇక్కడ బతికింది. జనం చప్పట్లతో హాలు ఎగిరిపోయింది. సురభి వాళ్ళ మాయాబజారు చూసినవాళ్ళకి ఆ ఆనందం వేరే చెప్పక్కర్లేదు. విక్టోరియా రాణి కూడా లండన్‌లో మూడుసార్లు చూసిందట.

నీ కొరియా సీరియళ్ళకి పనికొచ్చే మాట ఇక్కడుంది. ఇంకొకరి కథ తీసుకోవడం దానంతట అది నేరం కాదు. తీసుకున్నదాంట్లో నీ మైల్స్ ఉన్నాడా లేదా అన్నది చూసుకో. పారిస్ నుంచి తెచ్చి ఊరి పేర్లు మాత్రం మార్చిన నాటకం కూడా ఆయనకి ఒకటుంది. న్యూయార్క్‌లో ‘న్యూయార్క్ పేదలు’, లివర్‌పూల్‌లో ‘లివర్‌పూల్ పేదలు’, లండన్‌కొచ్చేసరికి ‘లండన్ వీధులు’. ఎక్కడికెళితే ఆ ఊరి పేరు, ఎక్కడైనా స్టేజి మీద ఒక ఇల్లు తగలబడాలి. డబ్బు బాగా తెచ్చింది. ఆయనే ఒక ఉత్తరంలో, కోడి గుడ్లు పెట్టినట్టు ఇలాంటివి పెడుతుంటాను, నీచమైన పనే గానీ కవిత్వం కన్నా ఎరువు అమ్మినవాళ్ళే ఎక్కువ సంపాదించారు అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఎవరు గుర్తుపెట్టుకున్నారు ఆ నాటకాన్ని? మైల్స్‌ని మాత్రం గుర్తుపెట్టుకున్నారు. ఎంతగా అంటే, ఎనభై ఏళ్ళ తర్వాత ఒక ఐరిష్ రచయిత పత్రికలో తన శీర్షికకి ఆ పాత్ర పేరునే కలంపేరుగా పెట్టుకున్నాడు.

డబ్బు సంగతికి వద్దాం. మీ అక్క పెళ్ళి ఉందన్నావు, నేను ‘కళ కోసం’ అని ఉపన్యాసం ఇవ్వను.

1853లో బూసికో, యాగ్నెస్ అమెరికా వెళ్ళారు. అప్పట్లో అక్కడ నాటకాన్ని అచ్చువేసుకునే హక్కు రచయితకి ఉండేది గానీ, ఆడించే హక్కు లేదు. పుస్తకం దొరికితే చాలు, ఎవడైనా ఆడేసుకోవచ్చు. బూసికో, ఇంకా బోకర్, బర్డ్ అనే నాటక రచయితలు గొడవ చేశారు. 1856 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం, నాటకాన్ని ప్రదర్శించే హక్కు కూడా రచయితదే అని చట్టం చేసింది. ఇక లండన్ సంగతి. 1860 సెప్టెంబరులో కొలీన్ బాన్‌ని అడెల్ఫీ థియేటర్‌కి తెచ్చినప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు వద్దన్నాడు. వచ్చే రాబడిలో వాటా అడిగాడు. మేనేజరు వెబ్‌స్టర్ ఒప్పుకున్నాడు. నాటకం రెండొందల ముప్ఫై రాత్రుల చిల్లర ఆడింది. ఒకప్పుడు మూడొందల పౌండ్లకి మొత్తం రాసిచ్చినవాడు ఆ ఒక్క నాటకంతో వేలల్లో సంపాదించాడు.

మరి నీ కాగితం. అరవై వేలు తక్కువా ఎక్కువా అన్నది నేను చెప్పలేను, మార్కెట్ నాకు తెలియదు. ‘హక్కులు మొత్తం’ అన్న మాట మాత్రం నాకు బాగా తెలుసు, అది చూస్తే ఒళ్ళు మండుతుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో నీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, విను. ఎంతకాలానికి ఇస్తున్నావో కాగితంలో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే మన దేశం వరకే. తీసుకుని ఏడాదిలోపు వాడకపోతే, వేరే ఒప్పందం లేనంతవరకు, హక్కు నీకు తిరిగొస్తుంది. అందుకే వాళ్ళ లాయరు కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అని ఒక పొడుగాటి వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఎక్కడుందో వెతుకు, ఉండితీరుతుంది. 2012లో చట్టం సవరించాక, సినిమాలో చేరిన రచనకి సినిమా హాలు బయట వచ్చే వాడకాల మీద రాయల్టీలో రచయిత వాటాని రాసిచ్చేయించుకోవడం కుదరదు అని కూడా వచ్చింది. నీ సిరీస్‌కి అది ఎంతవరకు వర్తిస్తుందో ఒక లాయర్‌కి చూపించి తెలుసుకో. గుంటూరులో గంట కూర్చుంటే అయిపోయే పని, ఫీజుకి బాధపడకు. అన్నిటికన్నా ముఖ్యం, పేరు. హక్కులు అమ్మినా ‘ఇది రాసింది నేను’ అని చెప్పుకునే హక్కు చట్టప్రకారం నీ దగ్గరే ఉంటుంది. ‘పేరు సంగతి తర్వాత’ అన్నవాడికి ఈ సెక్షన్ నంబరు చెప్పు: 57. నంబరు చెబితే మనుషులు కొంచెం సర్దుకు కూర్చుంటారు.

కొరియా వాటి విషయంలో మొహమాటం వద్దు. అసలు హక్కుదారుల దగ్గర అనుమతి తీసుకున్నారా, ఆ కాగితం చూపించండి అని అడుగు. లేదంటే రాయకు. ‘మాటలన్నీ మనవే, పేర్లన్నీ మార్చాం’ అంటారు. దానికీ బూసికో కథే ఉంది, ఈసారి ఆయన ఓడిపోయిన కథ. 1867లో న్యూయార్క్‌లో ఆగస్టిన్ డేలీ అనే ఆయన ఒక నాటకంలో రైలు పట్టాలకి కట్టేసిన మనిషిని రైలు వచ్చే క్షణంలో ఒక స్త్రీ రక్షించే రంగం పెట్టాడు. మరుసటి ఏడాది బూసికో ‘ఆఫ్టర్ డార్క్’లో అదే రంగాన్ని లండన్ భూగర్భ రైలుకి మార్చి దింపేశాడు. న్యూయార్క్‌లో ఆడబోతే డేలీ కోర్టుకెళ్ళాడు. మాటలు వేరైనా, సంఘటనల వరస అదే కాబట్టి దొంగతనమే అని కోర్టు తేల్చింది. పన్నెండేళ్ళ ముందు రచయితల హక్కు కోసం పోరాడిన మనిషి! ఆయన పోరాడి తెచ్చిన చట్టం ఆయన మీదకే తిరిగింది. డేలీ కేసు ఆ తర్వాత చాలాకాలం అమెరికా కోర్టుల్లో చెప్పుకున్నారు.

ఇంతా చదివి ఆయన ఫొటో గోడకి తగిలించకు. 1858లో మన 1857 తిరుగుబాటు మీద ఒక నాటకం రాశాడు, లక్నో ముట్టడి కథ. దాంట్లో నానాసాహెబు పచ్చి విలన్. బిఠూరు, కాన్పూరు మనిషిని తీసుకెళ్ళి లక్నోలో నిలబెట్టాడు. తెల్లవాళ్ళు ఎంత కోపంగా ఉన్నారంటే, ఆ వేషం వేస్తే హాల్లోంచి ఏవి విసురుతారోనని న్యూయార్క్‌లో నటులు భయపడ్డారు. చివరికి బూసికోనే వేసుకున్నాడు. ధైర్యం మెచ్చుకోవచ్చు. కానీ తన ఐర్లండ్ మీద ఇంగ్లండ్ పెత్తనం తెలిసినవాడికి, మన వాళ్ళ కోపం ఎందుకో ఒక్క పంక్తి తట్టలేదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత అదే మనిషి, జైల్లో ఉన్న ఐరిష్ తిరుగుబాటుదార్లని వదలమని ఇంగ్లండ్ ప్రధాని డిజ్రేలీకి బహిరంగ లేఖ రాశాడు. తన ఇంటి నిప్పు ఒకటే కాలింది ఆయనకి.

ఇంటి సంగతి ఇంకా అన్యాయం. యాగ్నెస్ గొప్ప నటి. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆయనతో ఊళ్ళు తిరిగింది, పిల్లల్ని పెంచింది, ఆయన నాటకాలని తన భుజాల మీద నిలబెట్టింది. 1885లో ఆస్ట్రేలియా టూరుకి వెళ్ళి, ఆవిడకి విడాకులివ్వకుండానే ట్రూప్‌లోని ఇరవై ఏళ్ళ పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. యాగ్నెస్‌తో జరిగింది అసలు పెళ్ళే కాదన్నాడు. ఆవిడ కోర్టుకెళ్ళి విడాకులు తీసుకుంది. జనం ఆయన్ని వదిలేయడం అప్పుడే మొదలైంది. సంపాదించిందంతా థియేటర్లు కట్టడంలో, దర్జాలో పోయింది. చివరి రోజుల్లో న్యూయార్క్‌లో ఒక నటనా పాఠశాలలో వారానికి యాభై డాలర్లకి పాఠాలు చెప్పి, 1890 సెప్టెంబరులో పోయాడు. వాళ్ళమ్మాయి నీనాయే 1904లో తొలి పీటర్ పాన్. ఆ పిల్లలకి రంగస్థలం తల్లి నుంచి ఎంతొచ్చిందో తండ్రి నుంచి ఎంతొచ్చిందో ఎవరు విడదీస్తారు.

ఆయన దగ్గర తీసుకోవాల్సింది బేరమూ, వేషమూ. బతుకు వద్దు.

నువ్వు చేయాల్సింది చెబుతాను. అరవై వేలు వద్దనకు, అది అడ్వాన్సు అను. కాలం ఐదేళ్ళు అని రాయించు. పైన ఎంతోకొంత వాటా అడుగు, రెండు శాతమైనా సరే, వాళ్ళు కాదన్నా సరే, అడిగావన్నది వాళ్ళకి తెలియాలి. స్టేజి హక్కు మాత్రం ఒక్క పైసాకి కూడా ఇవ్వకు, లేదంటే రేపు నీ నాటికని నీ పరిషత్తులో ఆడటానికి వాళ్ళ అనుమతి కావాలి. అలా ఇరుక్కుని నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగం ఇప్పుడే మానకు. మీ దర్శకుడు గారికి నమస్కారం చెప్పి, చెంబు మీదకి చెయ్యి వెళ్ళే రంగం ఒకసారి చేసి చూపించు, ఆయన నవ్వితే వాదన అక్కడితో ఆపేయ్.

ఇక వాచ్‌మన్ వేషం. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకైతే నువ్వు అసలు బాధపడుతున్నది దాని గురించే అనిపించింది. పేరున్న నటుణ్ణి పెడితే డబ్బులొస్తాయి, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అయినా సంతకానికి ముందు ఒక్క ఆడిషన్ అడుగు. కెమెరా ముందు, ఆ గోదాం తాళం వేసే రంగం. ఇస్తారో లేదో, ఇస్తే ఏమన్నారో నాకు రాయి.